సానగది తాళం

మొన్న దసరా సెలవులకి మా చెల్లెలి మనవరాలు వచ్చింది. ఎక్స్‌రే మైక్రోస్కోపీలో పీహెచ్‌డీ చేస్తోంది. మా కుటుంబంలో నా దారి పట్టిన పిల్ల అదొక్కతే. రాత్రి పదకొండు దాటినా హాల్లో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. పడుకోవా అమ్మాయ్ అంటే, "బీమ్ టైమ్ నడుస్తోంది తాతయ్యా" అంది. ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం సింక్రోట్రాన్. దాని దగ్గర మన ప్రయోగానికి కేటాయించిన గంటల్ని అలా అంటారు. ఆ సింక్రోట్రానేమో యూరప్‌లో ఉంది. ఇదేమో విశాఖపట్నంలో మా సోఫాలో ఉంది. శాంపిల్ని కొరియర్‌లో పంపిందట. అక్కడివాళ్లెవరో దాన్ని బిగించి పెడితే, ఇది ఇక్కణ్ణుంచి మీటలు నొక్కుతోంది.

తెల్లారేసరికి బొమ్మ వచ్చింది. చాలా బాగుంది, కాదనను. మా కాలంలో కలలో కూడా ఊహించని స్పష్టత. చూసి సంతోషించి, "ఆ కిరణాన్ని ఒక బిందువు దగ్గరికి చేర్చింది ఏమిటమ్మా, అద్దమా, జోన్ ప్లేటా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వాళ్ల వెబ్‌సైట్లో చూడాలి తాతయ్యా" అంది.

ఆ జవాబు నాకు ముల్లులా గుచ్చుకుంది. పిల్ల తప్పు కాదు. దానికి నేర్పినవాళ్లు దాన్ని అడగలేదు, వాళ్లకి నేర్పినవాళ్లు వాళ్లని అడగలేదు. కానీ ఈ విద్యకి మొదలూ చివరా ఆ ప్రశ్నే. ఎక్స్‌రేని ఎలా వంచాలి? నేను ముప్పై ఏడేళ్లు ఉద్యోగం చేశానంటే ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగానన్నమాట.

రాంట్‌జెన్ 1895 నవంబరులో ఆ కిరణాల్ని కనిపెట్టిన కొద్దివారాల్లోనే వాటిని వంచడానికి ప్రయత్నించాడు. అభ్రకపు పట్టకాల్లో నీళ్లు పోసి చూశాడు, కార్బన్ డైసల్ఫైడ్ పోసి చూశాడు. కిరణం తొణకలేదు, బెణకలేదు. కటకాలతో వీటిని కేంద్రీకరించడం కుదరదని తేల్చి రాసేశాడు. అందుకే ఆస్పత్రిలో తీసే ఎక్స్‌రే ఇవాళ్టికీ నీడే. వెనక దీపం, మధ్యలో చెయ్యి, ఇవతల గోడమీద నీడ. నీడని పెద్దది చెయ్యొచ్చుగానీ మైక్రోస్కోపులో చూసినట్టు చూడాలంటే కటకం ఉండాలి. ఆ కటకాన్ని ఎవడో ఒకడు కూర్చుని తయారుచెయ్యాలి.

మా రోజుల్లో ఆ కూర్చోవడమే చదువు. నేను 1970లో వాల్తేరులో ఎమ్మెస్సీలో చేరాను. స్వామి జ్ఞానానంద పోయిన మరుసటి ఏడు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, ఆ తర్వాత ప్రేగ్‌లో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ చేసిన మనిషి ఆయన. మా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. ఆయన శూన్యం మీద, అంటే వాక్యూమ్ మీద, ఇంగ్లిషులో రాసిన 'హై వాక్యువా' పుస్తకం 1947లో అచ్చయింది. లైబ్రరీలో దాన్ని నేను వరసగా మూడుసార్లు తీసుకున్నాను. కాషాయం కట్టుకున్న మనిషి పంపులో నూనె ఆవిరి గురించి, గాజు గొట్టం అతుకుల గురించి అంత శ్రద్ధగా రాయడం నన్ను కట్టిపడేసింది. లీకు పట్టుకోవడం చిన్న పని అని ఎవరైనా అంటే నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది.

తర్వాత ఉత్తరాదిలో ఒక ప్రయోగశాలలో చేరాను. సిద్ధాంతం బాగా వచ్చని గర్వంగా వెళ్లాను. మా పెద్దాయన నా మార్కుల కాగితం పక్కన పెట్టి, సానగదిలోకి తీసుకెళ్లి, అరచేతంత గాజుబిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. "దీన్ని చదును చెయ్యి" అన్నాడు. చదును చెయ్యడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. ఇప్పటి పిల్లలకి ఆ వాసన కూడా తెలీదు. మధ్యలో ఒక రాతి బల్ల. దానిమీద ఇనుప పళ్లెంలో కరిగించి పోసిన పిచ్, అంటే తారులాంటి నల్లటి పదార్థం. అది మరీ గట్టిగా ఉంటే గాజుమీద గీతలు పడతాయి, మెత్తగా ఉంటే గాజు అంచులు కుంగిపోతాయి. సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఏ మీటరూ లేదు. బొటనవేలి గోరు ఆనించి నొక్కితే ఎంత లోతు గుర్తు పడిందో చూసి చెప్పేవాళ్లు. దానిమీద సీరియం ఆక్సైడ్ నీళ్లు చల్లి, గాజుని గుండ్రంగా, మళ్లీ అడ్డంగా, మళ్లీ గుండ్రంగా రుద్దాలి. ఇరవై నిమిషాలు రుద్దితే గంటసేపు ఆగాలి. ఎందుకంటే చేతి వేడికి గాజు ఉబ్బుతుంది. ఉబ్బిన గాజుని కొలిస్తే అది అబద్ధం చెప్తుంది. చల్లారాక సోడియం దీపం కింద, ఖచ్చితమైన చదును ఉన్న మరో గాజుమీద పెట్టి చూస్తే పసుపు నలుపు చారలు కనిపిస్తాయి. చారలు వంకర తిరిగితే ఉపరితలం వంకర. ఒక్క చార వెడల్పంత వంకరంటే దాదాపు 295 నానోమీటర్ల తేడా. ఆ చారలు దారం పట్టి గీసినట్టు తిన్నగా వచ్చిన రోజు, మా పెద్దాయన ఏమీ అనలేదు. తన టీ కప్పు నా వైపు జరిపాడు.

ఇంత చాదస్తం దేనికని అడగొచ్చు. ఎక్స్‌రే మామూలు అద్దం మీద తిన్నగా పడితే లోపలికి దూరిపోతుంది, వెనక్కి రాదు. చాలా ఏటవాలుగా, నీటిమీద పెంకు విసిరినట్టు పడితేనే జారి పరావర్తనం చెందుతుంది. 1923లో కాంప్టన్ దీన్ని ప్రయోగంలో చూపించాడు. ఆ వాలు ఎంతంటే, మీటరు పొడవుకి మూడు మిల్లీమీటర్లు ఎత్తు, అంతే. అంత ఏటవాలులో అద్దం మీద ఉన్న చిన్న బొడిపె కూడా కిరణానికి కొండలా అడ్డొస్తుంది. అందుకని ఉపరితలం నునుపు పరమాణువుల లెక్కలో ఉండాలి. 1948లో స్టాన్‌ఫర్డ్‌లో కర్క్‌పాట్రిక్, ఆల్బర్ట్ బాయెజ్ చేసిన ఉపాయం ఏమిటంటే, వంచిన అద్దాలు రెండు తీసుకుని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి పెట్టడం. మొదటిది కిరణాన్ని గీతగా చేస్తుంది, రెండోది గీతని చుక్కగా చేస్తుంది. ఇవాళ ప్రపంచంలో ఏ సింక్రోట్రాన్‌కి వెళ్లినా ఈ జత అద్దాలు కనిపిస్తాయి. బాయెజ్ ఆ తర్వాత ఆయుధాల పనికి వెళ్లనని, యునెస్కో తరఫున బాగ్దాద్‌లో సైన్స్ చెప్పడానికి వెళ్లాడు. గాయని జోన్ బాయెజ్ ఆయన కూతురు. జీతం కోసం కాక మనసుకి నచ్చిన పని చేసిన మనుషుల చేతిలో మా విద్య పుట్టిందని చెప్పడానికి ఇదంతా.

బెంగళూరులో జి.ఎన్. రామచంద్రన్ కూడా ఎక్స్‌రే మైక్రోస్కోపు కోసం ఒక కేంద్రీకరణ అద్దం తయారుచేశారు. కొలాజెన్ మీదా ప్రోటీన్ల మీదా ఆయన చేసిన పని అందరికీ తెలుసు. అద్దం సంగతి ఎవరికీ గుర్తులేదు. అది నాకు నిజంగా బాధ.

అద్దం ఒక దారి, జోన్ ప్లేటు ఇంకో దారి. ఒకదాని చుట్టూ ఒకటి పల్చటి వలయాలు, ఒకటి కిరణాన్ని పోనిస్తుంది, పక్కది ఆపుతుంది. బయటికి వెళ్లేకొద్దీ వలయాలు సన్నబడతాయి. అన్నిటికంటే బయటి వలయం ఎంత సన్నగా ఉంటే బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. మొత్తం బిళ్ల వెంట్రుక మందం, అందులో వందల వలయాలు. జర్మనీలో గాటింగెన్‌లో గుంటర్ ష్మాల్, డీట్‌బెర్ట్ రుడాల్ఫ్ వీటిని రెండు లేజర్ కిరణాల్ని కలిపి వచ్చే చారలతో అచ్చు వేశారు. తర్వాత హాంబర్గ్‌లోని సింక్రోట్రాన్ దగ్గరికి తీసుకెళ్లి మైక్రోస్కోపు కట్టారు. అప్పట్లో ఈ పని చేసేవాళ్లు ప్రపంచం మొత్తంమీద ఒక చిన్న హాల్లో పట్టేవాళ్లు. 1983లో గాటింగెన్‌లో మొదటి సదస్సు జరిగింది. ఒకరి ప్లేటు ఇంకొకరు అడిగి తీసుకునేవాళ్లు. ఎవరి ప్లేటు ఎలా చేశారో అందరికీ తెలిసేది.

నేను 1981లో మూడేళ్లు విదేశంలో ఒక ల్యాబ్‌కి వెళ్లాను. అక్కడ నా చేతిలో జరిగిన నష్టం ఒకటి చెప్పుకోవాలి. జోన్ ప్లేటుని మోసేది సిలికాన్ నైట్రైడ్ పొర. ఒక మైక్రోమీటరులో పదోవంతు మందం. వెలుతురులోకి వంచితే సబ్బు బుడగ రంగు కనిపిస్తుంది. ఒకావిడ ఏడు నెలలు కష్టపడి ఒక ప్లేటు చేసి ఇచ్చింది. ప్రయోగం అయ్యాక చాంబర్‌లోకి గాలి వదలాలి. నీడిల్ వాల్వుని వెంట్రుకవాసి తిప్పి, అరగంట తీసుకుని వదలాలి. నాకు బస్సుకి టైమవుతోంది. కాస్త ఎక్కువ తిప్పాను. చప్పుడు కూడా రాలేదు. మూత తీసి చూస్తే చట్రం మధ్యలో ఏమీ లేదు, ఖాళీ.

ఆవిడ నన్ను తిట్టలేదు. మర్నాడు ఖాళీ పొరలు ఒక డబ్బా తెచ్చి పెట్టింది. పది రోజులు అదే పని. పొర బిగించడం, గాలి లాగడం, మళ్లీ గాలి వదలడం. పదో రోజుకి నా వేళ్లకి ఆ వాల్వు ఎక్కడ పలుకుతుందో తెలిసింది. ఆ తర్వాత పాతికేళ్లలో నా చేతిలో ఒక్క పొర పగల్లేదు. ఇవాళ ఎవరైనా ఒక విద్యార్థికి పది రోజులు ఖాళీ పొరలతో గడపడానికి ఒప్పుకుంటారా? నెలవారీ ప్రగతి నివేదికలో ఏమని రాస్తారు?

నా కోపం అక్కడే. పరికరాలు మారినందుకు కాదు, మారాలి. మనిషికి ఇచ్చే వ్యవధి మారిపోయినందుకు. యానోష్ కిర్జ్ సంగతి తీసుకోండి. బుడాపెస్ట్‌లో పుట్టాడు. 1956 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి, బర్క్‌లీలో చదివి, కణభౌతికంలో పేరు తెచ్చుకున్నాడు. స్టోనీ బ్రూక్‌లో ప్రొఫెసరయ్యాడు. అలాంటి మనిషి నడివయసులో ఆ పేరంతా పక్కనపెట్టి, ఎవరూ నమ్మని ఎక్స్‌రే మైక్రోస్కోపీలోకి వచ్చాడు. 1974లో, జోన్ ప్లేటులో ఒక వలయాన్ని పూర్తిగా ఆపేయకుండా తరంగాన్ని అర తరంగదైర్ఘ్యం మేర జరిపితే సామర్థ్యం పది శాతం నుంచి నలభై దాకా పెరగొచ్చని లెక్క కట్టి చూపించాడు. తర్వాత బ్రూక్‌హేవెన్‌లో ఏళ్లతరబడి స్కానింగ్ మైక్రోస్కోపు కట్టాడు. ఆయన దగ్గర తయారైన విద్యార్థులే ఇవాళ ఈ రంగాన్ని నడుపుతున్నారు. ఇప్పుడు నడివయసులో ఎవరైనా అలా దారి మారితే సెలక్షన్ కమిటీవాళ్లు మొదట అడిగేది ఈ కొత్త రంగంలో నీకెన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు అని. సున్నా అంటే ఇంటికి పంపేస్తారు.

డేవిడ్ సేర్ కథ చెప్పకుండా ఉండలేను. ఐబీఎమ్‌లో ఫోర్ట్రాన్ తయారుచేసిన బృందంలో ఒకడు. 1952లో ఒక పేజీ నోటు రాశాడు. వస్తువు మీద పడి చెదిరిన కిరణాల తీవ్రతని తగినంత సన్నగా కొలిస్తే, కటకం లేకుండానే లెక్కతో బొమ్మ కట్టొచ్చన్న ఆలోచనకి బీజం ఆ పేజీ. దాన్ని పట్టుకుని ఎదురు చూశాడు. ఈలోగా ఊరికే కూర్చోలేదు. 1970ల మొదట్లో, ఎలక్ట్రాన్ కిరణంతో జోన్ ప్లేట్లు రాయొచ్చని చెప్పిందీ ఆయనే. చివరికి 1999లో మియావ్, చరలాంబస్, కిర్జ్, సేర్ కలిసి బ్రూక్‌హేవెన్‌లో బంగారు చుక్కలతో పేర్చిన చిన్న అక్షరాలకి కటకం లేకుండా బొమ్మ కట్టారు. నోటుకీ బొమ్మకీ మధ్య 47 ఏళ్లు. సేర్ వయసు అప్పటికి డెబ్బై అయిదు.

ఈ కథ చెప్పగానే మా మనవరాలు ఎగిరి గంతేసింది. "అదే తాతయ్యా, నేను చేసే టైకోగ్రఫీ కూడా అదే కోవ! కటకంతో పనిలేదు!" అంది. లేదమ్మా అన్నాను. శాంపిల్ మీద పడే ఆ చిన్న చుక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? దాన్ని చుక్కగా చేసింది జోన్ ప్లేటో, అద్దాల జతో అయ్యుండాలి. అది గట్టిగా, కదలకుండా, అలలు చెదరకుండా ఉండబట్టే నీ కంప్యూటర్ లెక్క నిలబడింది. వెబ్‌సైట్ తెరిచి చూసింది. జోన్ ప్లేటే. బయటి వలయం వెడల్పు కూడా రాసి ఉంది. దాన్ని ఎవరు చేశారో రాయలేదు.

మా సంస్థలో సానగదిని నేను రిటైరైన అయిదారేళ్లకి మూసేశారు. ఉపయోగం తక్కువ, స్థలం ఎక్కువ అని ఫైల్లో రాశారట. రాతి బల్లని పగలగొట్టి బయట పడేశారు. ఇప్పుడక్కడ పెద్ద తెరలు పెట్టిన సమావేశపు గది ఉంది. మా టర్నర్ రిటైరయ్యాక ఆ ఉద్యోగం మళ్లీ నింపలేదు. చిన్న ఫ్లాంజ్ కావాలన్నా బయటివాళ్లకి టెండరు పిలవాలి. అద్దం కావాలంటే విదేశం నుంచి తెప్పించాలి. అది రావడానికి ఏడాది, అది ఎందుకు సరిగా పనిచెయ్యడం లేదో కనుక్కోవడానికి అక్కడ ఒక్క మనిషి కూడా లేడు.

కాలం మారింది తాతగారూ, చేత్తో రుద్దే రోజులు పోయాయి అంటారు. నిజంగా పోయాయా? జపాన్‌లో ఒసాకాలో కజుతో యమౌచి బృందం ఉంది. సన్నటి పొడి కలిపిన నీటిని అద్దం మీదుగా పారించి, ఉపరితలం నుంచి పరమాణువుల్ని ఒక్కొక్కటిగా ఊడబెరికే విద్య వాళ్లది. పాతికేళ్లకి పైగా అదే పని. 2010లో ఎక్స్‌రేని ఏడు నానోమీటర్ల వెడల్పుకి కుదించి చూపించారు. ఆ పరంపరలో తయారైన అద్దాలు ఇవాళ దేశదేశాల సింక్రోట్రాన్లలో ఉన్నాయి. వాళ్లు సానగదికి తాళం వెయ్యలేదు. గ్రనోబుల్‌లో స్నిగిరేవ్, ఆయన తోటివాళ్లు 1996లో చేసింది ఇంకా ముచ్చట. అల్యూమినియం దిమ్మెలో 0.6 మిల్లీమీటర్ల రంధ్రాలు ముప్పై వరసగా తొలిచారు. ఎక్స్‌రేకి లోహం కంటే గాలి రంధ్రమే కుంభాకార కటకంలా పనిచేస్తుంది. ఒక్కొక్క రంధ్రం కిరణాన్ని లేశమాత్రం వంచుతుంది, ముప్పై కలిస్తే చాలు. రాంట్‌జెన్ కుదరదన్న పని నూరేళ్లకి అల్యూమినియం దిమ్మెతో కుదిరింది. ఏ ఊరి వర్క్‌షాపుకైనా తెలిసిన లోహం, తెలిసిన పని.

మనకీ సింక్రోట్రాన్లు ఉన్నాయి. ఇండోర్‌లో ఇండస్-1 1999 నుంచి, ఇండస్-2 2005 నుంచి నడుస్తున్నాయి. కట్టినవాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ వాటి దగ్గరికి వచ్చే పిల్లల్లో చూసేవాళ్లు ఎక్కువ, చూపుని తయారుచేసేవాళ్లు తక్కువ. బ్యాటరీ చూస్తాం, చిప్పు చూస్తాం, కణం చూస్తాం అని వస్తారు. మంచిదే. నేను అడిగేది, వందమందిలో ఇద్దరు ఈ పక్కకి వస్తే వాళ్లకి పదేళ్లు అన్నం పెట్టమని. మూడేళ్ల ప్రాజెక్టులో అద్దం తయారవదు. మూడేళ్లలో అద్దం ఎలా పాడవుతుందో మాత్రమే తెలుస్తుంది, అది తెలిసేసరికి ప్రాజెక్టు అయిపోతుంది.

ఇదంతా విన్నాక మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ దగ్గర పిచ్ ఉందా తాతయ్యా?" అని అడిగింది.

ఉంది. రిటైరయ్యేటప్పుడు నా ఇనుప పళ్లెం, రెండు గాజుబిళ్లలు, పొట్లంలో సీరియం ఆక్సైడ్ తెచ్చుకున్నాను. పెరట్లో అరుగు మీద పాత దుప్పటి పరిచాం. పిచ్ కరిగించి పోశాం. గోరు ఆనించమన్నాను. మొదట లోతుగా దిగింది, విశాఖ ఎండకి మెత్తబడింది. నీళ్లు చల్లి నీడకి మార్చాం. మధ్యాహ్నం నుంచి గుండ్రంగా, అడ్డంగా, గుండ్రంగా రుద్దింది. ఇరవై నిమిషాలు కాగానే కొలవబోయింది. ఆగమన్నాను. గంట ఎందుకు ఆగాలో చెప్పాను. ఫోను తియ్యబోయి, మళ్లీ లోపల పెట్టేసి, నా పక్కనే కూర్చుంది.

ల్యాబులో వాడే సోడియం దీపం దొరకలేదు. కలాసీల దగ్గర పాత పసుపు వీధిదీపం బల్బు ఒకటి సంపాదించాం. మూడో రోజు సాయంత్రం చారలు కనిపించాయి. మధ్యలో తిన్నగానే ఉన్నాయి, ఎడమ అంచు దగ్గర కిందికి వంగాయి. "అంచు కుంగింది కదా?" అంది. అవునన్నాను. దాని సెలవులు ఇంకా నాలుగు రోజులున్నాయి.